డిటెక్టివ్ నవలలో హంతకుడు మూడో అధ్యాయానికే దొరికిపోతుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చిన్నతనం నుంచి డిటెక్టివ్ నవలలు విస్తారంగా చదివిన మీరు ఇప్పుడు సొంతంగా ఒకటి రాస్తున్నారు. చదివిన మిత్రులు మూడో అధ్యాయానికే హంతకుడి పేరు చెప్పేస్తున్నారు. ఆధారాలు తగ్గించి తిరగరాసి ఇస్తే, చివర్లో మోసం చేశావంటున్నారు. ఈ రెంటి నడుమ దారి ఉందా, చదివే తీరులో ఏమైనా మార్చుకోవాలా, పోలీసు వ్యవహారం ఎంతవరకు తెలిసి ఉండాలి అని అడిగారు. వారపత్రికలకు నేరకథలు రాస్తూ, కొత్తవారి రాతప్రతులు చదివి అభిప్రాయం చెబుతూ చాలాకాలంగా ఈ పనిలోనే ఉన్నాను కనుక నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఆధారాన్ని దాచకండి, దానికి కథలో వేరే పని అప్పగించండి. పాఠకుడి కళ్ల ముందే ఉన్న ఒక వాక్యం ఆ క్షణంలో నవ్వించడానికో, ఒక మనిషి స్వభావం చెప్పడానికో, మరొకరి మీద అనుమానం కలిగించడానికో వచ్చిందనిపిస్తే, అదే ఆధారమన్న సంగతి అతడికి తట్టదు. అలాగని చివర్లో మోసపోయానని కూడా అనుకోడు. అందుకోసం చదవడంలో మార్చుకోవలసినది ఒక్కటే: నచ్చిన నవలను హంతకుడెవరో తెలిసిన తరవాత, వెంటనే, రెండోసారి చదవడం. ఇక పోలీసు వ్యవహారం విషయానికొస్తే, ఏం జరుగుతుందో అంతా తెలియకపోయినా ఫరవాలేదు; ఏది జరగదో మాత్రం తప్పక తెలియాలి.

మీ మిత్రులు మూడో అధ్యాయంలోనే పట్టేస్తున్నారంటే వారు ఆధారాలను చూసి పట్టారని నేననుకోను. అనుభవమున్న పాఠకుడు ఆధారాల కన్నా ముందు పాత్రల జీతాల పట్టీ చూస్తాడు. ప్రతి పాత్రా కథలో ఏదో ఒక పని చేస్తుంటుంది: ఒకడు అప్పు ఎగ్గొట్టాడు, ఒకామె శవాన్ని మొదట చూసింది, ఒకడు పోలీసులకు సాయం చేస్తున్నాడు. వీరందరి నడుమ ఏ పనీ లేకుండా, మర్యాదగా, అందరికీ కాఫీలు అందిస్తూ, ప్రతి సన్నివేశంలోనూ ఓ మూల కనిపించే మనిషి ఒకడుంటాడు. ‘వీణ్ని రచయిత ఊరికే పోషించడు కదా’ అని పాఠకుడు అక్కడే తేల్చేసుకుంటాడు. కొత్త రచయితల రాతప్రతుల్లో హంతకుడు దొరికిపోయేది ఎక్కువగా ఈ కారణం చేతనే. దీనికి మందు ఆధారాలు తగ్గించడం కాదు, హంతకుడికి కథలో మరో అవసరమైన ఉద్యోగం కల్పించడం. అతడు లేకపోతే కథ ముందుకు నడవదన్నంత అవసరమైన పని అతడి చేతిలో ఉండాలి. చెడిపోయిన మోటారు బాగుచేయించేది అతడే అయితే, శవాన్ని ఊరికి తరలించే ఏర్పాట్లు చూసేది అతడే అయితే, పాఠకుడు అతడిని ఆ పని కోసం వచ్చినవాడిగానే లెక్క వేసుకుంటాడు.

ఇప్పుడు చదవడం గురించి. మొదటిసారి చదివేటప్పుడు మనం బాధితుల పక్షాన, అంటే మోసపోయే పక్షాన ఉంటాం. ఆ ఆనందాన్ని చెడగొట్టుకోవద్దు. అయితే పుస్తకం మూసిన రోజే పెన్సిల్ పట్టుకుని మళ్లీ మొదటి పేజీకి వెళ్లండి. హంతకుడు గదిలో ఉన్న ప్రతి సన్నివేశం పక్కన చిన్న గీత గీయండి. ఆ సన్నివేశంలో రచయిత మన చూపును ఎటు మళ్లించాడో అంచున రాయండి. అగాథా క్రిస్టీ 1926లో వెలువరించిన ప్రసిద్ధమైన నవల ఒకటుంది. చదవనివారి మేలు కోరి దాని పేరు చెప్పడం లేదు. అందులో పది నిమిషాల వ్యవధిని ఒకే ఒక్క నిరాడంబరమైన వాక్యంతో దాటేస్తారు. మొదటిసారి ఆ వాక్యం మీద ఎవరి కన్నూ నిలవదు. రెండోసారి చదివితే అందులో అబద్ధం ఒక్కటీ లేదని, నిజం మొత్తం అక్కడే ఉందని తెలిసి నోట మాట రాదు. ఆ ఒక్క వాక్యం చుట్టూ ముందు ఏముంది, వెనక ఏముంది, పేరా ఎక్కడ తెగింది అని పరిశీలిస్తే వచ్చే చదువు, రాయడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఎన్ని తిరగేసినా రాదు.

రెండో చదువులో మరొకటి కూడా గమనించండి: లేకపోవడం అనే ఆధారం. కానన్ డాయిల్ 1892లో రాసిన ఒక కథలో రాత్రివేళ కుక్క మొరగకపోవడమే కీలకం. జరిగిన దాన్ని చూపడం సులువు, జరగని దాన్ని చూపడం కష్టం. ఎందుకంటే ‘అది జరగాలి’ అన్న అంచనా పాఠకుడిలో ముందే ఉండాలి. ఇక్కడ మనకు మన జీవితమే పెద్ద సాయం. పొద్దుటే వాకిట్లో ముగ్గు లేకపోతే ఆ ఇంట ఏదో జరిగిందని తెలుగు పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రం గుమ్మంలో దీపం వెలగకపోవడం, పండగనాడు పొయ్యి రాజేయకపోవడం, పెళ్లిలో ఒక దగ్గరి బంధువు ఫోటోలో లేకపోవడం — వీటికి వివరణ అవసరం లేదు. తక్కిన లోకం నవలల్లోంచి కుక్కను అరువు తెచ్చుకునే ముందు మన వీధిలో ఏ రోజు ఏది తప్పక జరుగుతుందో ఒక జాబితా రాసుకోండి. అందులో ప్రతిదీ జరగకపోయిన రోజున ఒక ఆధారమే.

వేరే పని అప్పగించడమంటే ఏమిటో నేనొక కథలో చేసిన ఏర్పాటుతో చెబుతాను. కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఒకే ఆవరణలో వరసగా వాటాలు, అందరికీ కలిపి ఒకే మునిసిపల్ కొళాయి. ఇంటి యజమాని కనకమ్మగారు బంగారం తాకట్టు పెట్టుకుని అప్పులిస్తుంది. గురువారం తెల్లవారుజామున ఆమె హత్యకు గురవుతుంది. హైదరాబాదు నుంచి మంగళవారం రాత్రి వచ్చి ఆ ఇంట్లోనే దిగిన మేనల్లుడు భాస్కరం హంతకుడు. కానీ అనుమానమంతా ఒక వాటాలో ఉండే ఆర్టీసీ కండక్టరు మీదకు పోవాలి.

రెండో అధ్యాయంలో, అంటే బుధవారం పొద్దున, కొళాయి దగ్గర కండక్టరు భార్యకూ దర్జీ భార్యకూ తగువు పెట్టించాను. కండక్టరు భార్య అంటుంది: “మా ఆయన స్నానం చెయ్యకుండానే డ్యూటీకి పోయాడు. నిన్న చుక్క రాలేదు, రేపెలాగూ రావు, ఇవాళ కూడా మీ డ్రమ్ములే నిండాలా అక్కా? కొళాయి ఏమన్నా మీ పేరున పట్టా చేశారా?” ఆ కేకలకు కనకమ్మగారు బయటికి వచ్చి, నెలాఖరుకు వాటా ఖాళీ చెయ్యమని కండక్టరు భార్యకు చెప్పి లోపలికి పోతుంది. అరుగు మీద భాస్కరం పళ్లు తోముకుంటూ ఇదంతా చూస్తుంటాడు. అధ్యాయం అక్కడితో ముగుస్తుంది. పాఠకుడు ఆ తగువును ‘కండక్టరుకు హత్య చేయడానికి కారణం ఉంది’ అన్న ఖాతాలో వేసుకుంటాడు. అతడి మనసులో మిగిలేవి పట్టా మాట, ఖాళీ చెయ్యమన్న మాట.

గురువారం పొద్దున పోలీసులు వస్తారు. శవాన్ని చూసి బయటికి వచ్చిన ఎస్.ఐ. చేతులు కడుక్కుందామని కొళాయి తిప్పుతాడు. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాదు. కానిస్టేబుల్ పరుగున పోయి టీ కొట్లోని ఇరవై లీటర్ల క్యాను నుంచి చెంబుతో నీళ్లు తెస్తాడు. వాటిలో సగం తన బూట్ల మీదే ఒలకబోసినందుకు ఎస్.ఐ. అతడిని అందరి ముందూ తిడతాడు. ఇక్కడ పాఠకుడికి కనిపించేది ఎస్.ఐ. కోపిష్టితనం. ఆ తరవాత చాలా పేజీలు కండక్టరు చుట్టూనే నడుస్తాయి.

ఆరో అధ్యాయంలో భాస్కరం వాంగ్మూలం ఇస్తాడు: “అయిదింటికి మెలకువ వచ్చింది సార్. ముఖం కడుక్కుందామని కొళాయి దగ్గరికి వచ్చాను. నీళ్లు సన్నగా వస్తున్నాయి. అత్తయ్య గదిలో లైటు వెలుగుతోంది, దగ్గు కూడా వినబడింది. కడుక్కుని వచ్చి మళ్లీ పడుకున్నాను.” అయిదింటి దాకా ఆమె బతికే ఉందని నమ్మించడం అతడి ఉద్దేశం, ఎందుకంటే కండక్టరు డ్యూటీ దిగి ఇంటికి చేరేది ఆ తరవాతనే. రోజూ నీళ్లొచ్చే అపార్ట్‌మెంటులో బతికేవాడు, బుధవారం ఒక్కరోజు కొళాయి పారడం చూసి అది రోజూ పారుతుందనుకున్నాడు. రోజు విడిచి రోజే నీళ్లొచ్చే ఆ ఆవరణలో పుట్టి పెరిగిన పిల్లవాడెవడూ ఆ అబద్ధం ఆడడు.

ఈ ఏర్పాటులో కొన్ని సంగతులు మీరు నేరుగా వాడుకోవచ్చు. అసలు ఆధారం (‘రేపెలాగూ రావు’) మాటల మధ్యలో ఉంది. ముందు భర్త స్నానం, వెనక పట్టా మాట. పేరా మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ పాఠకుడు గుర్తుంచుకుంటాడు, మధ్యది జారిపోతుంది. అందుకని ఆధారాన్ని పేరా చివర ఎన్నడూ పెట్టకండి. ఒకసారి మాటగా చెప్పిన దాన్ని రెండోసారి చర్యగా చూపించాను. అందువల్ల ‘ఎక్కడో ఒక్క మాట అంటే నాకెలా గుర్తుంటుంది’ అనే ఫిర్యాదుకు తావుండదు. ఆధారానికీ అబద్ధానికీ మధ్య దూరం ఉంది. రెండూ ఒకే అధ్యాయంలో ఉంటే అవి పక్కపక్కన నిలబడి తమంతట తామే మాట్లాడుకుంటాయి. అన్నింటికన్నా ముఖ్యమైనది, హంతకుడి పొరపాటు అతడి బతుకులోంచి రావాలి. ఘటనా స్థలంలో జేబురుమాలు జారవిడిచే హంతకుడు రచయితకు పని తగ్గించడానికి పుట్టినవాడు. పొరుగూరివాడు కావడం, డబ్బున్నవాడు కావడం, ఎన్నడూ వంటింట్లోకి అడుగుపెట్టనివాడు కావడం వల్ల జరిగే పొరపాటు అతడొక్కడే చేయగలడు. అప్పుడు ఆ పొరపాటును పట్టుకోవడమంటే మనిషిని పట్టుకోవడమే అవుతుంది.

ఇలాంటిది కుదరాలంటే ముందు హంతకుడి కథ రాసుకోవాలి. నవల మొదలుపెట్టే ముందే, నవలలో ఎక్కడా చేర్చని ఒక వృత్తాంతం హంతకుడి వైపు నుంచి రాసుకోండి: ఎప్పుడు నిర్ణయించుకున్నాడు, ఎవరికి ఏం చెప్పాడు, హత్య తరవాత ఎంతసేపటికి నిద్రపట్టింది, మర్నాడు ఏం తిన్నాడు. ఆ రోజుల తేదీలు, వారాలు, వేళలు ఒక పట్టికగా వేసుకుని పక్కన ‘దీన్ని ఎవరు చూసి ఉండవచ్చు’ అని ఒక వరస పెట్టండి. ఆ వరసే మీ సాక్షుల జాబితా అవుతుంది. మన ఊళ్లలో ఎవరూ చూడని వేళంటూ దాదాపు ఉండదు. పాల ప్యాకెట్లు వేసే కుర్రవాడు, ఇస్త్రీ బండివాడు, చెత్త బండి, ఎదురింటి మేడ మీద చదువుకునే పోటీ పరీక్షల అభ్యర్థి, నిద్రపట్టని పెద్దాయన — ఎవరో ఒకరు ఉంటారు. హంతకుడు వీరిలో కొందరిని లెక్కలోకి తీసుకుంటాడు, ఒకరిని మరిచిపోతాడు.

న్యాయమైన ఆట గురించి ఒక మాట. 1928లో వాన్ డైన్ అనే అమెరికన్ రచయిత ఇరవై సూత్రాలు, 1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ పది సూత్రాలు రాశారు. 1930లో లండనులో డిటెక్షన్ క్లబ్ ఏర్పడినప్పుడు సభ్యులు ఈ తరహా ప్రమాణమే చేసేవారు. రహస్య ద్వారాలు ఒకటికి మించి ఉండరాదు వంటి నియమాలు ఆనాటి మోజులకు సమాధానాలు, వాటిని వల్లించనక్కరలేదు. ఒక్కటి మాత్రం నేటికీ కదలదు: డిటెక్టివు చూసినది పాఠకుడూ చూడాలి. మన పాకెట్ నవలల వైభవ కాలంలో, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతడి అసిస్టెంటు రాజు ఇంటింటి మనుషులయిన ఆ కాలంలో, పాఠకులు కోరింది ప్రధానంగా వేగం. అద్దె పుస్తకాల షాపులో ఒక రాత్రికి తెచ్చుకున్న నవలను తెల్లారేలోగా ముగించాలి గదా. అందుకని ఆనాటి చాలా నవలల్లో డిటెక్టివు ఎవరికో ఫోను చేసి, మనకు వినిపించని సమాధానం విని చిరునవ్వు నవ్వేవాడు. చదివే వేగంలో మనమూ క్షమించేవాళ్లం. (మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్నుతో రాసిపెట్టిన మహానుభావులను మాత్రం నేనింకా క్షమించలేదు.) నేటి పాఠకుడు ఆ వినిపించని ఫోనును క్షమించడు. మీ మిత్రులు మోసమన్నది బహుశా దీన్నే. మీ రెండో ప్రతిలో డిటెక్టివుకు తెలిసి పాఠకుడికి తెలియని విషయం ఒక్కటైనా ఉందేమో వెతకండి.

ఇక పోలీసు వ్యవహారం. మొదట తెలుసుకోవలసినది, మన దేశంలో ప్రైవేటు డిటెక్టివుకు చట్టరీత్యా ఏ అధికారమూ లేదు. వారి సంస్థలను క్రమబద్ధం చేయడానికి 2007లో పార్లమెంటులో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. కాబట్టి మీ డిటెక్టివు ఘటనా స్థలంలో తాడు దాటి లోపలికి వెళ్లడం, అనుమానితుడిని కూర్చోబెట్టి నిలదీయడం కుదరవు. నా సలహా, దీన్ని ఇబ్బందిగా కాక వరంగా తీసుకోండి. అధికారం లేనివాడు పలకరింపులతో, పరామర్శలతో, పెళ్లిచూపుల వంకతో సమాచారం రాబట్టాలి. తెలుగులో సంభాషణ రాయగలిగినవారికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు.

రెండోది, అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి నిజం చెప్పగానే హంతకుడు భోరున ఏడ్చి నేరం ఒప్పుకునే ముగింపు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 25వ సెక్షను, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను. అయితే నిందితుడు కస్టడీలో చెప్పిన సమాచారం వల్ల ఒక వస్తువు బయటపడితే, ఆ మేరకు ఆ సమాచారం చెల్లుతుంది. పాత చట్టంలో ప్రసిద్ధమైన 27వ సెక్షను చెప్పినది అదే, కొత్త చట్టంలో 23లోనే చేర్చారు. కనుక మీ ముగింపు ఒప్పుకోలు మీద కాక దొరికిన వస్తువు మీద నిలబడాలి. ఆ వస్తువు దొరికేటప్పుడు పక్కన మధ్యవర్తులుంటారు, వారి సమక్షంలో పంచనామా రాస్తారు, మన దగ్గర తరచు వీఆర్వో స్థాయి ఉద్యోగులనే అందుకు పిలుస్తారు. భోజనం వేళకు పిలుపు వచ్చి, ఎండలో నిలబడి, ఎప్పుడు సంతకం పెట్టి ఇంటికి పోదామా అని చూసే మధ్యవర్తిని ఒకసారి ఊహించండి. ఆ సన్నివేశం దానంతటదే లేచి నడుస్తుంది.

మూడోది, మీ కథ ఏ తేదీన జరుగుతోందో ముందు తేల్చుకోండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన హత్య అయితే ఐపీసీ 302, ఆ తరవాతదయితే భారతీయ న్యాయ సంహితలోని 103. అనుమానాస్పద మృతి కేసు లోగడ సీఆర్‌పీసీ 174 కింద నమోదయ్యేది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 194 కింద. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని కొత్త సంహిత చెబుతోంది. అది దశలవారీగా అమలు కావలసిన నిబంధన. సెక్షన్ల అంకెలతో పేజీలు నింపమని కాదు. ఒక్క అంకె తప్పితే చదివే న్యాయవాది పుస్తకం మూసేస్తాడని చెబుతున్నాను.

స్టేషను వాతావరణం కోసం అంకెలకన్నా మనుషులు ఉపయోగపడతారు. స్టేషనులో సగం పని నడిపేది రైటర్, అంటే కేసుల రాతకోతలు చూసే పోలీసు. ఎస్.ఐ.కి మీ హత్య ఒక్కటే కేసు కాదు. జాతర ఉంటుంది, మంత్రిగారి పర్యటన ఉంటుంది, బందోబస్తుకని సగం సిబ్బంది వెళ్లిపోతారు. కథలో దర్యాప్తు రెండు రోజులు ఆగాలంటే మన ఊళ్లో బందోబస్తు కన్నా సహజమైన కారణం లేదు. అలాగే ప్రయోగశాల నివేదిక మర్నాటికల్లా చేతికి రాదు. విసెరా, అంటే పరీక్ష కోసం శవం నుంచి తీసిన లోపలి అవయవాల భాగాలు, ఉప్పునీటి ద్రావణంలో సీసాలకెక్కి, సీలు పడి, తెలంగాణ కథయితే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు చేరి, నివేదికగా తిరిగి వచ్చేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మీ డిటెక్టివు ఆ నివేదిక లేకుండానే ఆలోచించాలి. నివేదిక వచ్చి అతడు అనుకున్నదాన్ని బలపరచవచ్చు, లేదా చెడగొట్టవచ్చు.

ఇంగ్లీషు నవలలు చదివి పెరిగినవారు గుడ్డిగా తెచ్చుకునే మరో వస్తువు, శవం చల్లబడిన తీరును బట్టి మరణవేళ చెప్పడం. అది చలిదేశపు లెక్క. శరీర ఉష్ణోగ్రత దాదాపు 37 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నపు వేడి 44, 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల కప్పు కింద పడి ఉన్న శవం అక్కడ చల్లబడడమన్న ప్రశ్నే లేదు. శరీరం బిగుసుకోవడం కూడా వేసవిలో త్వరగా మొదలై త్వరగా సడలుతుంది. అందుచేత మన వేసవిలో డాక్టరు చెప్పగలిగే వేళ చాలా విశాలంగా ఉంటుంది, జాగ్రత్తగల డాక్టరు అయితే ఇంకా విశాలంగా చెబుతాడు. ఏసీ గదిలో శవం దొరికిన కథలో ఎవరో ఏసీ ఆపారా, వేశారా అన్నది ఒక్కటే కథంతా నడపగలదు. విషాల సంగతి కూడా ఇంతే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో క్రిస్టీ ఆసుపత్రి ఔషధశాలలో పనిచేశారు, అందుకే ఆమె కథల్లో విషం అంత నమ్మకంగా పలుకుతుంది. మన పల్లెల్లో చేతికందేది పురుగుమందు, దానికి ఘాటైన వాసన. కాఫీలో కలిపితే మనిషి గుటక వేయకముందే తెలిసిపోతుంది. ఆమె ఎరిగినదాన్ని ఆమె రాశారు, మీరు ఎరిగిన వృత్తి ఏదయితే దానిలోంచి ఆధారం తీయండి. బ్యాంకులో పనిచేస్తే లాకరు రిజిస్టరు, రెవెన్యూలో పనిచేస్తే అడంగల్, బట్టల కొట్టు ఉంటే చీర మడత. మీకు తెలిసినంతగా ఏ పాఠకుడికీ అది తెలియదు.

సెల్‌ఫోను, సీసీ కెమెరాలు వచ్చి డిటెక్టివ్ కథను చంపేశాయని కొందరంటారు, ఆ భయంతో కథను 1980లకు తోసేస్తారు. అవసరం లేదు. టవర్ లొకేషను ఫోను ఏ ప్రాంతంలో ఉందో చెబుతుంది, అది ఎవరి జేబులో ఉందో చెప్పదు. సీసీ కెమెరా గడియారం అసలు వేళకన్నా ముందో వెనకో నడుస్తుండడం మామూలే. శ్రద్ధగల అధికారి ఫుటేజీ తీసుకునేటప్పుడే ఆ తేడా రాయిస్తాడు, శ్రద్ధలేనివాడు రాయించడు, మీ కథ ఆ తేడాలో ఉంటుంది. ఆ ఫుటేజీ కోర్టులో నిలవాలంటే ధ్రువపత్రం జతచేయాలి, పాత చట్టంలో 65-బి, ఇప్పుడు 63. నేరం జరిగిన వేళ తాను వేరేచోట ఉన్నానని చూపే రుజువును అలిబీ అంటారు; రైళ్ల వేళలతో అల్లిన అలిబీలకు జపాను పేరుమోసింది. 1958లో పుస్తకంగా వచ్చిన మత్సుమోతో సెయిచో నవల, టోక్యో స్టేషనులో ఒక ప్లాట్‌ఫారం నుంచి మరో ప్లాట్‌ఫారం కనబడే నాలుగు నిమిషాల మీద నిలిచింది. మన రైళ్ల మీద అలాంటి కథ అల్లితే హంతకుడు నేరం చేయకముందే నిరాశపడి ఇంటికి పోతాడు. తలకిందులు చేస్తే మాత్రం పనికొస్తుంది: రోజూ ఆలస్యంగా వచ్చే రైలు ఆ ఒక్కరోజు వేళకు రావడం వల్ల ఒకడి లెక్క తప్పిందనుకోండి.

చేయకూడని వాటిలో రెండు గట్టిగా చెబుతాను. పనిమనిషినో వాచ్‌మన్‌నో కేవలం దారి తప్పించే అనుమానితుడిగా తెచ్చి, పోలీసుల చేత కొట్టించి, నిర్దోషి అని తేలాక మరిచిపోవడం చాలా పాత అలవాటు. నిజ జీవితంలోనూ మొదటి అనుమానం వారి మీదకే పోతుంది, అది నిజమే, రాయండి. కానీ వదిలేసిన తరవాత ఆ మనిషికి పని దొరికిందా అన్నది కూడా కథలో ఉండాలి. అలాగే బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు చెప్పి తయారుగా ఉన్న దొంగను దింపడం. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసిన చట్టం 1871లో వచ్చి 1952లో రద్దయింది. స్టువర్టుపురం ఆ చట్టం నీడలో ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు. చట్టం పోయాక కూడా మన వినోదంలో ఆ ముద్ర చాలాకాలం మిగిలింది. నీతి మాట పక్కన పెట్టినా, ఊరి పేరుతో నేరస్తుణ్ని తేల్చే కథలో డిటెక్టివుకు పనేమిటి?

పత్రికల్లో వచ్చిన నిజమైన కేసును పేర్లు మార్చి రాయాలనుకుంటే, పేర్లు మార్చడం చాలదు. వృత్తి, ఊరు, బంధుత్వాలు కూడా మార్చాలి. బతికున్నవారి దుఃఖం అది. దాని నుంచి తీసుకోదగింది ఒక చిన్న యంత్రాంగం మాత్రమే, అంటే ఒకరు ఒక విషయాన్ని ఎందుకు తప్పుగా అనుకున్నారు అన్నది.

చివరిగా, మిత్రుల చేత చదివించే పద్ధతి మార్చండి. హంతకుడెవరో తేలే అధ్యాయానికి ముందే రాతప్రతి ఆపి ఇవ్వండి. హంతకుడి పేరు, అలా అనుకోవడానికి కారణం రెండూ కాగితం మీద రాయమనండి. పేరు సరిపోయి కారణం తప్పయితే మీరేమీ మార్చనక్కరలేదు, అది ఊహ. పేరుతోపాటు మీరు పెట్టిన ఆధారాన్నే కారణంగా రాస్తే, ఆధారం పేరాలో ఎక్కడ ఉందో చూసి మధ్యకు జరపండి, లేదా దానికి అప్పగించిన రెండో పనిని ఇంకాస్త రక్తికట్టించండి. ‘వీడు ఊరికే తిరుగుతున్నాడు గనక వీడే’ అని రాస్తే మీ హంతకుడికి ఉద్యోగం చూడండి. ఆ తరవాత మిగిలిన అధ్యాయం ఇచ్చి, చదివాక ఆధారం ఏ పేజీలో ఉందో వెతకమనండి. వెనక్కి తిప్పి, కాసేపటికి వేలు పెట్టి చూపగలిగితే మీ పని సరిగ్గా ఉన్నట్టే. పది నిమిషాలు వెతికినా దొరకకపోతే మరో సన్నివేశంలో దాన్ని ఇంకొకసారి తాకించాలి. ఈ పరీక్షకు ప్రతిసారీ కొత్త పాఠకుడు కావాలి కనుక మిత్రులందరికీ ఒకేసారి ఇచ్చేయకండి. ఒక్కో ప్రతికి ఇద్దరిని మాత్రమే వాడుకోండి.